మూడెకరాల రైతుకు 50 హెచ్‌పీ ట్రాక్టరు ఎవరు అంటగడుతున్నారు?

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కి దిగింది. మంచిదే. రైతు సంఘాలు ఏళ్ల తరబడి అడిగిందే. 45 హెచ్‌పీ బండి మీద 45 వేలు, 50 హెచ్‌పీ బండి మీద 53 వేలు తగ్గుతుందని కేంద్రమే లెక్క చెప్పింది. అయితే ఆ తర్వాత షోరూముల ముందు లేచిన ఫ్లెక్సీలు ఒకసారి చూడండి. తగ్గిన సొమ్ము రైతు జేబులో మిగలనివ్వండి అని ఒక్క ఫ్లెక్సీ చెప్పదు. అదే డబ్బుకు ఇంకా పెద్ద మోడల్ తీసుకోండి అంటుంది. పన్ను తగ్గించింది రైతు కోసమా, పెద్ద బండి అమ్ముకునేవాళ్ల కోసమా?

మనం కొనే ట్రాక్టరు సైజును మన భూమి నిర్ణయించడం లేదు, మన పైరు నిర్ణయించడం లేదు. డీలరు దగ్గర ఏ మోడల్ నిల్వ ఉంది, ఏ మోడల్ మీద కమీషన్ ఎక్కువ, ఫైనాన్స్ వాళ్లు దేనికి తొందరగా సంతకం పెడతారు అన్నవే నిర్ణయిస్తున్నాయి. కొంత మన ఊళ్లో పరువు కూడా నిర్ణయిస్తోంది. పిల్లనిచ్చేవాళ్లు వాకిట్లో ట్రాక్టరు చూస్తారు గానీ దాని కిస్తీ పుస్తకం చూడరు కదా.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా తక్కువ, 0.94 హెక్టారు. దేశంలో నూటికి 86 కమతాలు ఐదెకరాల లోపువే. ఇలాంటి చోట మా ఖమ్మం జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా 45, 50 హెచ్‌పీ బండ్లు వరుసగా కనబడతాయి. సంవత్సరంలో పది నెలలు చెట్ల కింద ఎండుతూ ఉంటాయి.

లెక్క వేసి చూద్దాం. రోటావేటరుతో కలిపి 8 లక్షల బండి. 2 లక్షలు చేతి నుంచి కట్టి 6 లక్షలు అప్పు తీసుకున్నారనుకోండి. 12 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు, ఆరు నెలలకో కిస్తీ. కిస్తీ సుమారు 81,500 వస్తుంది. ఏడాదికి లక్షా 63 వేలు. ప్రైవేటు ఫైనాన్స్ అయితే వడ్డీ ఇంతకంటే ఎక్కువే తప్ప తక్కువ ఉండదు. మూడెకరాల సొంత సేద్యానికి, రెండు పంటలకు కలిపి, ఎంత పొడిగించి చెప్పినా ఆ బండి 60 గంటలు తిరగదు. ట్రాక్టరు గిట్టాలంటే ఏడాదికి వెయ్యి గంటలు పని ఉండాలని వ్యవసాయ ఇంజనీర్లు లెక్క కడతారు. మిగతా గంటలు కిరాయికి తిప్పాల్సిందే.

ఆ కిరాయి ఎక్కడుంది? రోటావేటరుకు గంటకు 1,300 తీసుకుంటున్నారనుకోండి. డీజిల్ లీటరు 95 రూపాయలు దాటింది. గంటకు ఆరు లీటర్లంటే 570 పైనే. డ్రైవరు, ఆయిలు, గ్రీజు, అరిగిపోయే బ్లేడ్లు పోను 500 మిగిలితే గొప్ప. లక్షా 63 వేల కిస్తీ కట్టాలంటే 326 గంటల కిరాయి కావాలి. ఇక ఊరు సంగతి. 1,200 ఎకరాల సాగున్న ఊరు, ఎకరాకు ఏడాదికి నాలుగు గంటల రోటావేటరు పని అనుకుంటే మొత్తం 4,800 గంటలు. ఊళ్లో 40 ట్రాక్టర్లుంటే తలా 120 గంటలు. 120 గంటలకు మిగిలేది 60 వేలు. ఒక్క కిస్తీకి కూడా చాలదు. అందుకే ఒకరినొకరు కిరాయి తెగ్గోసుకుంటారు, అన్నదమ్ములు కూడా మాట్లాడుకోకుండా పోతారు. మా పక్క ఊళ్లో మూడెకరాలున్న ఓ తమ్ముడు నాలుగో ఏడు వచ్చేసరికి ఎకరం అమ్మి కిస్తీలు కట్టాడు. ట్రాక్టరు మిగిలింది, దున్నడానికి రెండెకరాలే మిగిలాయి.

డీలరు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. బానెట్ మీద రాసిన హెచ్‌పీ ఇంజనుది. రోటావేటరును తిప్పేది వెనక షాఫ్టు, అంటే పీటీఓ. అక్కడికి చేరేసరికి నూటికి 85, 90 వంతులే ఉంటుంది. కల్టివేటరు లాగేటప్పుడు, అందులోనూ తడి నేలలో చక్రం జారుతున్నప్పుడు, ఇంకా తగ్గుతుంది. కాబట్టి అడగాల్సింది పీటీఓ హెచ్‌పీ ఎంత, బండి బరువు ఎంత, చక్రాల మధ్య వెడల్పు ఎంత, నా దగ్గరున్న పనిముట్టుకు ఎంత కావాలి అని. ఐదడుగుల రోటావేటరుకు 35 నుంచి 45 హెచ్‌పీ బండి సరిపోతుంది. ఏడడుగులది పెట్టాలంటే 50 దాటాలి. 15, 18 హెచ్‌పీ చిన్న బండికి మూడడుగుల లోపుదే. పనిముట్టు ముందు ఎంచుకుని, దానికి తగిన బండి చూసుకోవాలి. మన దగ్గర బండి ముందు వస్తుంది, దానికి తగ్గ పనిముట్టు కోసం మళ్లీ అప్పు చేస్తారు.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. 50 హెచ్‌పీ బండి సుమారు రెండు టన్నులు. రోటావేటరు కలిస్తే ఇంకో నాలుగైదు వందల కిలోలు. ఏటా అంతే లోతులో దున్నుతూ, నేల పచ్చిగా ఉండగానే తొక్కిస్తూ పోతే దుక్కి కింద గట్టి పొర కడుతుంది. వరి మడిలో ఆ పొర నీళ్లు నిలబెడుతుంది కాబట్టి నష్టం కనబడదు. అదే మడిలో యాసంగికి మొక్కజొన్న, పెసర వేసినప్పుడు వేరు దిగదు, వాన నీరు ఇంకదు. మరీ లోతు బురద మడుల్లో ఆ బరువుకు బండి దిగబడి, దాన్ని లాగడానికి ఇంకో బండికి కిరాయి ఇస్తాం. 15 హెచ్‌పీ చిన్న ట్రాక్టరు ముప్పావు టన్నుకు అటూ ఇటూ ఉంటుంది. పవర్ టిల్లర్ ఇంకా తేలిక. పది గుంటల మడిలో పెద్ద బండి తిరగడానికే సగం టైము పోతుంది, మూలలు మిగిలిపోతాయి, గట్లు కూలతాయి.

పత్తి, మిర్చి సాళ్లలో అంతర సేద్యం తీసుకోండి. అరకలు పోయాయి. ఊరికి నాలుగు జతలు కూడా లేవు. వాటి కిరాయి ఏడాదికేడాది పెరుగుతోంది. 50 హెచ్‌పీ బండి సాళ్లలోకి వెళ్లలేదు. వాకిట్లో 8 లక్షల బండి పెట్టుకుని గుంటకకు అరక కోసం ఊరంతా తిరగడం, దొరక్క కలుపు మందు కొట్టడం మన కళ్ల ముందు జరుగుతున్నదే. మూడు, నాలుగడుగుల సాళ్లలో పైరు చిన్నగా ఉన్నన్నాళ్లూ ఇరుకు చక్రాల చిన్న ట్రాక్టరు, పవర్ వీడరు చేసే పని అది. సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు మామిడి తోటల్లో కొమ్మల కింద దూరేది కూడా చిన్న బండే.

చిన్న బండి ఎకరానికి రెండు, రెండున్నర గంటలు తీసుకుంటుంది, నిజమే. మూడెకరాలకు ఒక పొద్దు. ఆ పొద్దు మిగిల్చుకోవడానికి ఐదేళ్లు ఏడాదికి లక్షన్నర కట్టాలా?

చిన్నదే ఎప్పుడూ మంచిదని నేను చెప్పడం లేదు. నల్లరేగడిలో లోతు దుక్కి వేయాలన్నా, ట్రక్కు నిండా ధాన్యం ఎత్తి మార్కెట్ యార్డుకు తోలాలన్నా బరువు, బ్రేకు బలం ఉన్న బండే కావాలి. చిన్న బండికి పెద్ద ట్రక్కు తగిలించడం ప్రాణాలతో చెలగాటం. పదిహేను, ఇరవై ఎకరాలు సొంతానికీ కౌలుకూ చేసేవాళ్లకు, నిజంగా కిరాయి గిరాకీ ఉన్నవాళ్లకు 45 హెచ్‌పీ తగిన బండే. తగవు ఐదెకరాల లోపు రైతు గురించి. ఆ రైతే కొనుగోలుదారుల్లో ఎక్కువ అవుతున్నాడు.

అమెరికాలో ఇల్లు, ఇంటి చుట్టూ ఎకరం, రెండెకరాల గడ్డి ఉన్నవాళ్లు ఆ గడ్డి కోయడానికి, చలికాలం దారి మీద మంచు తొలగించడానికి 20, 25 హెచ్‌పీ బుల్లి ట్రాక్టర్లు కొంటారు. గడ్డి ఎంత, కోసే బ్లేడు వెడల్పు ఎంత, వాలు ఎంత, ఏటా ఎంత మంచు పడుతుంది అని చూసుకుని సైజు తేల్చుకుంటారు. అదేదో వాళ్ల గొప్ప అనడం లేదు. 2023 ఆగస్టు 15న మహీంద్రా కంపెనీ కేప్‌టౌన్‌లో 20 నుంచి 40 హెచ్‌పీ తేలిక ట్రాక్టర్ల శ్రేణి విడుదల చేసి, అవి మన జహీరాబాద్ ప్లాంటులోనే తయారవుతాయని, ఉత్తర అమెరికా సహా విదేశాలకు పోతాయని చెప్పింది. అంటే చిన్న బండి చేయడం రానిది కాదు, తెలంగాణ గడ్డ మీదే అవుతోంది. మరి మన మండల కేంద్రంలో చిన్న బండి ఎందుకు కనబడదు? అడిగితే "ఆర్డరు పెట్టాలి, రెండు నెలలు పడుతుంది, స్పేర్లకు జిల్లాకు పోవాలి" అంటారు. దమ్ము మధ్యలో బెల్టు తెగితే జిల్లాకు పోయేదెప్పుడు, నాటు వేసేదెప్పుడు? అలా భయపెట్టి పెద్దది చేతికిస్తారు.

"సొంత బండి లేకపోతే అదునుకు కిరాయి దొరకదు" అంటారు మన రైతులు. ఇది మాత్రం వట్టి పరువు మాట కాదు. తొలకరి పడ్డ నాలుగు రోజుల్లో అందరికీ బండి కావాలి. చిన్న రైతు చేను చివరికి మిగులుతుంది, కౌలు రైతుది మరీ చివరికి. ఆ భయమే ఆయన్ను షోరూముకు నడిపిస్తోంది. ఆ భయం తీర్చే బాధ్యత ప్రభుత్వాలది. 2014-15లో కేంద్రం యాంత్రీకరణ ఉపమిషన్ తెచ్చింది. చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు యంత్రాల మీద 50 శాతం సబ్సిడీ, మిగతావారికి 40 శాతం, అద్దె కేంద్రాలకు వేరే సాయం అన్నారు. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యంత్ర సేవ పథకం కింద గుంటూరులో జెండా ఊపి 3,800 ట్రాక్టర్లు పంచింది. ఊపడం అయిపోయాక ఏ ట్రాక్టరు ఏ చేలో ఎన్ని గంటలు తిరిగింది, ఎంతమంది కౌలుదారుల చేలు దున్నింది అన్న పట్టిక ఏ మండలంలో గోడకు అంటించారు? గ్రూపు పేరుతో తీసుకున్న బండి ఒకరి ఇంటి ముందే నిలబడితే అది అద్దె కేంద్రం ఎట్లా అవుతుంది?

మనం అడగాల్సినవి ఇవి. అద్దె కేంద్రాల్లో చిన్న ట్రాక్టర్లు, టిల్లర్లు, వీడర్లు తప్పకుండా ఉండాలి. వరస పుస్తకం పెట్టాలి, రెండెకరాల లోపు వాళ్ల వంతు ముందు రావాలి. సబ్సిడీ దరఖాస్తు మీద సంతకం పెట్టే అధికారి రైతు భూమి, పైరు, పనిముట్టు చూసి ఏ సైజు సరిపోతుందో రాసివ్వాలి. మండలానికో చోట చిన్న యంత్రాల స్పేర్లు, మెకానిక్ ఉన్న డీలరుకే సబ్సిడీ బండ్లు అమ్మే అనుమతి ఇవ్వాలి. కొనే ముందు బండిని షోరూము తారు రోడ్డు మీద కాక మన చేలోనే నడిపి చూపాలి.

అప్పు కాగితాల గురించి సంఘ సభ్యులకు ఒక మాట. ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టకండి. ఆ చెక్కు బౌన్స్ అయితే కేసు మీ మీదే, రెండేళ్ల దాకా జైలు రాసి ఉంది. ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు షరతులను అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో తెలపాలని, ఒప్పంద పత్రం నకలు ఇవ్వాలని, బండి స్వాధీనం చేసుకునే ముందు ఎంత నోటీసు ఇస్తారో, అమ్మే ముందు కట్టుకునే చివరి అవకాశం ఎలా ఇస్తారో ఒప్పందంలోనే ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022లో అదే బ్యాంకు చెప్పింది. గూండాలను పెట్టి బండ్లు గుంజుకోవడాన్ని 2007లోనే సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఇవన్నీ ఉన్నా రాత్రి పూట చేలోంచి బండ్లు పోతున్నాయి, ఎందుకంటే ఒప్పంద పత్రం నకలు ఎవరి దగ్గరా లేదు.

కాబట్టి కిస్తీలు నడుస్తున్నవాళ్లు, బండి పోగొట్టుకున్నవాళ్లు తమ దగ్గరున్న రసీదులు, ఫోనుకు వచ్చిన మెసేజ్‌లు, ఏ కాగితం ముక్కయినా పట్టుకుని మండల కమిటీ దగ్గరికి రండి. ఒప్పంద నకలు కోసం కంపెనీకి రాయాల్సిన లేఖ కమిటీ వాళ్లే తెలుగులో రాసిస్తారు. కొత్తగా కొనబోయేవాళ్లు అడ్వాన్సు కట్టక ముందే రండి.