మెరుగు ఎంతవరకు?

మా వీధిలో ఒక కుర్రవాడున్నాడు. ఫోటోలు తీయడం వాడి సరదా. మొన్న వాళ్ళ నాయనమ్మ బొమ్మ పట్టుకువచ్చి, "పెద్దది చేయించి గోడకు తగిలిద్దామనుకుంటున్నాను. ఎలా వుందో చెప్పండి బాబాయిగారూ!" అన్నాడు.

చూశాను. ముఖాన ఒక్క ముడత లేదు. బుగ్గలు పింగాణీ గిన్నెల్లా నిగనిగలాడుతున్నాయి. నుదుటి పచ్చబొట్టు మాయం.

"బాగానే వుంది గాని, ఎవరోయ్ ఈవిడ?" అన్నాను. పాపం, వాడి ముఖం చిన్నబోయింది.

అలాగని చేయి పెట్టడమే తప్పనను. ఎండలో కూర్చున్న మనిషి కళ్ళకింది నీడను మన కన్ను సర్దుకుంటుంది. కెమెరా నల్లగా పట్టేస్తుంది. దాన్ని కాస్త తేలిక చేస్తే అబద్ధమాడినట్టు కాదు. కంప్యూటర్లు లేని రోజుల్లోనూ దిద్దుబాటు లేకపోలేదు. 1857లోనే ఆస్కార్ రెయ్‌లాండర్ 30కి పైగా నెగెటివులు కూర్చి ఒకే బొమ్మ చేశాడు. స్టూడియోలలో నెగెటివు మీద సన్నని పెన్సిలు మొనతో మొటిమలు కప్పేవారు.

1932లో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ మొదలైనవారు 'ఎఫ్ 64' అనే కూటమి కట్టి, మసక సొగసులు వద్దు, ఉన్నది స్పష్టంగా తీయాలన్నారు. ఆ ఆడమ్సే 1941లో న్యూమెక్సికోలో తీసిన చంద్రోదయాన్ని ఏళ్ళతరబడి చీకటిగదిలో అచ్చువేస్తూ, ఆకాశాన్ని అంతకంతకు నల్లగా చేశాడు. అయితే చంద్రుడు ఉన్నచోటనే ఉన్నాడు. సమాధుల మీది శిలువలూ ఉన్నాయి.

చెప్పొచ్చేదేమంటే, వెలుగును సర్దండి, మనిషిని మార్చకండి. పోపు ఎక్కువైతే పప్పు రుచి తెలియదు. కొన్ని ఫోన్లు మీరు అడగకుండానే ముఖాలను నునుపు చేస్తాయి. ఆ ఏర్పాటు కట్టేయండి. అసలు బొమ్మను చెరపక విడిగా దాచండి. దిద్దినదాన్ని ఒక రాత్రి పక్కన పెట్టి, పొద్దున్నే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ చేయి జారిందో మీకే తెలుస్తుంది. రేపు మునిమనవలకు ఆ ముఖం తెలిసేది ఆ బొమ్మవల్లనే కదా!

నిన్న కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి ముడతలున్నాయి, పచ్చబొట్టుంది. కళ్ళకింది నీడ మాత్రం తేలికైంది.

"నాయనమ్మ ఏమంది?" అని అడిగాను.

"'ఇప్పుడు మీ తాతగారు దిగివచ్చినా గుర్తుపడతారురా' అంది!" అన్నాడు.