వార్‌చార్ 255లో నాన్న స్కాను

మొన్నామధ్య నాన్నకి కిడ్నీలో రాయి మళ్ళీ నొప్పి పెడితే హైదరాబాద్ తీసుకొచ్చాను. రెండు నెలల క్రితమే గుంటూరులో సీటీ తీయించుకున్నారు, అదే ఆసుపత్రి వాళ్ళ బ్రాంచిలో. ఫిల్ముల కవరు మాత్రం ఇంట్లో బీరువా మీద ఉండిపోయింది.

"ఫర్లేదు డాక్టరుగారూ, మీ కంప్యూటర్లో ఉంటుందిగా" అన్నారు నాన్న, కొడుకు సాఫ్టువేరన్న ధీమాతో.

డాక్టరుగారు వెతికారు. సీటీ అబ్డామిన్ అని కొడితే ఏమీ రాలేదు. రాయి పెరిగిందో, కిందికి జరిగిందో పాతదానితో పోల్చకుండా చెప్పలేనన్నారు. చేసేదేముంది, మళ్ళీ సీటీ. డబ్బు సంగతి అలా ఉంచండి. ఛాతీ ఎక్స్‌రేకి పడే రేడియేషన్ సుమారు 0.1 మిల్లీసీవర్ట్ అయితే, పొట్టకీ కటి భాగానికీ కలిపి తీసే మామూలు సీటీకి ఏడెనిమిది దాకా ఉంటుంది. అంతా అయ్యాక టెక్నీషియన్ని బతిమాలితే తారీఖు పెట్టి రెండు నిముషాల్లో పాత స్కాను తీసిచ్చాడు. దాని పేరు "ప్లెయిన్ కేయూబీ". అందులో సీటీ అన్న మాటా లేదు, అబ్డామిన్ అన్న మాటా లేదు!

అక్కడే గట్టిగా అరిచేవాణ్ణే. కానీ నోరు రాలేదు. ఎందుకంటే నా మొదటి ప్రాజెక్టులో ఇంకో ఆసుపత్రికి రేడియాలజీ మాడ్యూల్ రాసినప్పుడు, ప్రొసీజర్ నేమ్ అనే కాలమ్‌ని వార్‌చార్ 255 అని పెట్టిన మహానుభావుణ్ణి నేనే. తర్వాత డేటా మైగ్రేషన్ వచ్చినప్పుడు డిస్టింక్ట్ కొట్టి చూస్తే తెలిసింది నా ఘనకార్యం. ఎక్స్‌రే చెస్ట్ పీఏ, చెస్ట్ ఎక్స్‌రే, సీఎక్స్‌ఆర్, చెస్ట్ పీఏ వ్యూ... ఒక్క ఛాతీ ఎక్స్‌రేకే స్క్రీన్ నిండిపోయింది. మోకాలి ఎక్స్‌రేల్లో సగానికి కుడో ఎడమో కూడా లేదు.

ఇక్కడ నన్ను బాగా గుచ్చే విషయం ఒకటుంది. హైదరాబాదులో మెడికల్ కోడింగ్ చేసేవాళ్ళు మీకూ తెలిసే ఉంటారు. అమెరికా రోగి తలకి సీటీ తీస్తే, కాంట్రాస్ట్ లేకపోతే 70450, ఇచ్చి తీస్తే 70460, ముందు లేకుండా తర్వాత ఇచ్చి తీస్తే 70470 అని నిద్రలో లేపినా చెప్తారు. తప్పు రాస్తే క్లెయిమ్ తిరిగొస్తుంది మరి. మన ఊళ్ళో మన నాన్నల స్కాన్లకి మాత్రం ఎవరికి తోచింది వాళ్ళు కొట్టుకోవచ్చు. అంటే మనకి చేతకాక కాదు, అడిగేవాడు లేకే అన్నమాట.

పోనీ ప్రమాణాలు లేవా అంటే, బోలెడు. 1994లో మొదలైన లోయింక్‌లో, అమెరికా రేడియాలజిస్టుల సంఘం ఆర్‌ఎస్‌ఎన్‌ఏతో కలిసి చేసిన రేడియాలజీ భాగం ఉంది. ఏ యంత్రం, ఏ శరీర భాగం, ఏ వైపు, ఏ వ్యూ, కాంట్రాస్ట్ ఉందా లేదా, అన్నీ విడివిడి గుణాలు. డౌన్‌లోడ్ ఉచితం. స్నోమెడ్ సీటీలో 2014లో భారతదేశం సభ్యదేశమైంది కాబట్టి మనదేశంలో వాడుకోడానికి లైసెన్సు ఖర్చు లేదు. 2016లో కేంద్రం సవరించిన ఈహెచ్ఆర్ ప్రమాణాల్లో ఇవి రెండూ ఉన్నాయి, డైకమ్ కూడా ఉంది. డైకమ్‌లో అయితే ప్రొసీజర్ కోడ్ పెట్టుకోడానికి ప్రత్యేకంగా చోటే ఉంది. నేను చూసిన ఫైళ్ళలో అది చాలాసార్లు ఖాళీ.

"ఓపీలో రెండొందల మంది కూర్చుంటే డాక్టరు కోడ్లు వెతుక్కోవాలా?" అంటారు. అక్కర్లేదు. డాక్టరుకి కోడ్ కనబడనే కూడదు. ఆయన కేయూబీ అని కొడితే "సీటీ కేయూబీ, కాంట్రాస్ట్ లేకుండా" అని జాబితాలో రావాలి, వెనకాల కోడ్ మనం దాచాలి. ఆసుపత్రి అలవాటు పేరు అలాగే ఉండనివ్వండి, దాన్ని ప్రామాణిక కోడుకి ఒక్కసారి జత చేస్తే చాలు. స్కాను అయ్యాక టెక్నీషియన్ ఒకసారి ఖాయం చేయాలి, ఎందుకంటే రాసిందొకటి, తీసిందొకటి అవడం మామూలే. ఆ జాబితాకి బాధ్యుడిగా ఒక మనిషి ఉండాలి. లేకపోతే ఆర్నెల్లలో మళ్ళీ "అదర్స్" అనే డబ్బాలోకే అన్నీ చేరతాయి.

బిల్లింగ్ కోడ్ ఉందిగా అని కూడా సరిపెట్టుకోకండి. బిల్లు కోడ్ ఎంత తీసుకోవాలో చెప్తుంది. ఏం తీశారో మొత్తం చెప్పాలన్న పూచీ దానికి లేదు.

ఈ మధ్య కొత్త సమాధానం ఒకటి వింటున్నాను: "ఎందుకీ గొడవంతా, ఏఐ చదివి సర్దేస్తుంది" అని. స్పెల్లింగులూ, పొట్టిపేర్లూ సర్దుతుందేమో. కానీ ఉత్త "ఎక్స్‌రే నీ" అని రాసుంటే అది ఏ మోకాలో పేరు చూసి ఏ మోడల్ చెప్పగలదు? రాయనిదాన్ని చదవగలిగేది జాతకాలవాళ్ళే.

2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతా మొదలయ్యింది. 14 అంకెల ఆభా నంబరు నాన్నకీ ఉంది. మనిషికి నంబరిచ్చి స్కానుకి ఇవ్వకపోతే, చిరునామా సరిగ్గా రాసి లోపల ఖాళీ కాగితం పెట్టిన కవరులాంటిదే అది.

ఆసుపత్రి సాఫ్టువేరు రాసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నాం. క్లయింటు అడగలేదు కాబట్టి నేనూ పెట్టలేదు. అడగకపోయినా రెండు కాలమ్‌లు, కోడొకటి, ఏ ప్రమాణం కోడో చెప్పేదొకటి, ఆ రోజే పెట్టి ఉండాల్సింది. మహా అయితే ఒక్కరోజు పని.

నాన్న మాత్రం ఇప్పుడు కంప్యూటర్‌ని నమ్మట్లేదు. ఫిల్ముల కవరు బీరువా మీంచి ఆయన సంచిలోకి మారింది.