పండుగ వంట

మొన్న ఆగస్టు 15న మా అమ్మాయి బడినుంచి వస్తూనే, గుప్పిట్లో కరిగిపోతున్న చాక్లెట్టు చూపించి, "ఇవాళ పండుగే గదా, మనింట్లో ఏమీ వండలేదేం అమ్మా?" అని అడిగింది.

ఉగాదికి పచ్చడి ఉంది, సంక్రాంతికి అరిసెలున్నాయి, చవితికి ఉండ్రాళ్ళున్నాయి. ఈ పండక్కి ఏం వండాలో తనకెవరూ చెప్పలేదంటూ మా ఆవిడ నావంక చూసింది. 20 ఏళ్ళుగా ఏటా ఆనాడు కాలేజీలో ఉపన్యాసం దంచేవాణ్ణి, జవాబు తోచలేదు. తోచిందల్లా హైతీ సంగతి.

కరీబియన్ సముద్రంలోని ఆ చిన్న దేశంలో జనవరి 1 సంవత్సరాదీ, స్వాతంత్ర్యదినమూ కూడా. ఆనాడు ఇంటింటా గుమ్మడికాయ పులుసు కాస్తారు. మన చింతపండు పులుసు కాదు లెండి. గుమ్మడి గుజ్జులో మాంసం, కాబేజీ, కారట్టు, బంగాళాదుంపలు వేసి చిక్కగా ఉడికిస్తారు. 'సూప్ జూమూ' అని పేరు.

ఫ్రెంచివారి ఏలుబడిలో ఆఫ్రికానుంచి తెచ్చిన బానిసలు అక్కడ చెరకు, కాఫీ తోటల్లో చాకిరీ చేసేవారు. ఈ పులుసు కాచేది వాళ్ళు, తాగేది దొరలు. కాచినవాళ్ళు మటుకు రుచి చూడరాదు. గుమ్మడికాయల దొంగ అంటే అక్కడ ఎవరు భుజాలు తడుముకోవాలో మీరే చెప్పండి! 1791లో తిరగబడ్డారు. నెపోలియన్ సైన్యాన్ని సైతం ఓడించి, 1804 జనవరి 1న దెస్సలీన్ నాయకత్వాన స్వాతంత్ర్యం చాటుకున్నారు. ఆనాడు అందరూ ఆ పులుసే తాగారని చెప్పుకుంటారు.

దొరలు ఊరుకున్నారా? 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి, తమవాళ్ళ ఆస్తి పోయిందంటూ 15 కోట్ల ఫ్రాంకులు అడిగింది. ఆస్తి అంటే అందులో ఆ మనుషులూ లెక్కే! దానికోసం చేసిన అప్పులు 20వ శతాబ్దంలో కూడా తీరుస్తూనే వచ్చారు. పులుసు మాత్రం నిలిచింది. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంప్రదాయాలలో చేర్చింది.

అంతా విని అమ్మాయి, "మరి మనవాళ్ళనేం తిననివ్వలేదు నాన్నా?" అంది.

"ఉప్పు" అన్నాను. మన సముద్రం, మన ఎండ. అయినా సొంతంగా ఉప్పు చేసుకుంటే నేరం, కొనుక్కుంటే పన్ను. 1930లో గాంధీగారు సబర్మతినుంచి దండిదాకా నడిచివెళ్ళి పిడికెడు ఉప్పు తీశారు. మన కోస్తాలోనూ ఎందరో సముద్రపు నీళ్ళు కాచి జైళ్ళకు వెళ్ళారు.

మా ఆవిడ కాసేపాలోచించింది. "అయితే వచ్చే ఏడు పులిహోర చేస్తాను. ఉప్పు మీరు వేద్దురుగాని" అంది.