కొత్త పంపులు తర్వాత, ముందు గీజర్లు కడిగిద్దాం

మన అపార్ట్‌మెంటులోని అన్ని ఫ్లాట్లవారికీ, మనలాగే హైదరాబాదులో బోరు నీళ్ల మీద బతుకుతున్న ఇరుగుపొరుగు అపార్ట్‌మెంట్లవారికీ ఒక మాట.

షవర్లలో వేడినీళ్లు సరిగ్గా రావడం లేదు కాబట్టి ఎవరి ఫ్లాటుకు వారు ప్రెషర్ పంపు బిగించుకోవచ్చన్న తీర్మానం వచ్చే ఆదివారం మీటింగుకు వస్తోంది. దాన్ని ఆపి, ఏటా చలికాలానికి ముందు అన్ని ఫ్లాట్ల గీజర్లనూ అసోసియేషనే ఒకేసారి కడిగించే పద్ధతి పెట్టమని అడగడానికే ఈ కరపత్రం.

నేను ఉండేది ఐదో అంతస్తులో. పోయిన చలికాలం మా అమ్మ తెల్లవారుజామునే స్నానానికి లేస్తే బకెట్టు నిండడానికి పావుగంట పట్టేది. నిండేలోపు అడుగు నీళ్లు చల్లారిపోయేవి. వణుకుతూ స్టూలు మీద కూర్చుని ఆ సన్నటి ధార వైపే చూస్తుండేది. పిలిపించిన మెకానిక్కుల్లో ఒకాయన గీజరు పోయింది, కొత్తది కొనండి అన్నాడు. ఇంకొకాయన పంపు పెట్టమన్నాడు. ఇద్దరిలో ఒక్కరూ ఒక్క నట్టు కూడా విప్పి చూడలేదు.

చివరికి మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ ఎలక్ట్రీషియన్ గారు వచ్చి, ఎంసీబీ దింపి, యాంగిల్ వాల్వ్ కట్టేసి, గీజరు నుంచి వచ్చే కనెక్షన్ పైపు విప్పారు. వాషరు దగ్గర గుడ్డు పెంకు ముక్కల్లాంటివి ఇరుక్కుని ఉన్నాయి. వేళ్ల మధ్య నలిపితే గరుకు గరుకుగా పొడైంది. షవరు బిళ్లను వేడినీళ్లలో నిమ్మఉప్పు కలిపి మగ్గులో నానబెడితే రాత్రంతా బుసబుసా నురగ వచ్చింది. తెల్లారేసరికి బిళ్ల చిల్లులన్నీ తెరుచుకున్నాయి. మర్నాడు గీజరు కింద చన్నీటి దారిలో ఉండే సేఫ్టీ వాల్వ్ విప్పి శుభ్రం చేయించాం, ట్యాంకు అడుగున చేరిన రెండు దోసిళ్ల సున్నం గీకించాం. అదే బకెట్టు ఇప్పుడు నాలుగు నిమిషాల్లో నిండుతోంది.

ఈ సున్నం ఎక్కడిదంటే, మన బోర్లు గ్రానైటు పగుళ్లలోని నీళ్లను తోడుతాయి. ఆ నీళ్లలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. వేడి తగలగానే అది విరిగి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే తెల్లటి గారగా, రాడ్డు మీద పేరుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ గార కట్టే వేగమూ పెరుగుతుంది. కాబట్టి గీజరు మీటను 75 డిగ్రీల దాకా తిప్పి వదిలేయకుండా 60 దగ్గర ఉంచండి. తాగునీటికి భారతీయ ప్రమాణం (ఐఎస్ 10500, 2012) ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీటి వసతి లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. మన బోరు నీళ్లు ఇందులో ఎక్కడున్నాయో ఇంతవరకు మనం పరీక్ష చేయించలేదు. మొదట జరగాల్సిన పని అది.

కింది అంతస్తులవారు ఇది పైవాళ్ల గొడవ అనుకోవద్దని నా విన్నపం. 10 మీటర్ల నీటి ఎత్తుకు వచ్చే ఒత్తిడి సుమారు 1 బార్. మా షవరు టెర్రస్ ట్యాంకు కన్నా రెండున్నర మీటర్లే కింద ఉంది కాబట్టి మాకు దక్కేది పావు బార్. మొదటి అంతస్తులో మాకన్నా మరో 12 మీటర్ల ఎత్తు కలిసివస్తుంది. అందుకని అంతే గార మీ పైపులో ఉన్నా ధార తగ్గినట్టు కనిపించదు. కనిపించకపోయినా రాడ్డు చుట్టూ పట్టిన పొర వేడిని నీళ్లలోకి దిగనివ్వదు, రాడ్డు తనలో తానే కాగిపోయి చివరికి కాలిపోతుంది.

ఇక పంపుల సంగతి. ఒకే పైపు మీద నాలుగు ఫ్లాట్లున్నప్పుడు ఒక ఇంటివారు పంపు వేస్తే మిగతా మూడిళ్ల ధార తగ్గుతుంది. అప్పుడు వాళ్లూ కొంటారు. పాత జాయింట్లు ఆ ఒత్తిడికి కారడం మొదలుపెడతాయి. కడిగించాక కూడా పై అంతస్తుకు నీళ్లు చాలకపోతే, అసోసియేషన్ ఖర్చుతో మా అంతస్తంతటికీ కలిపి ఒక్క పంపు పెట్టమని నేనే అడుగుతాను.

మెకానిక్కును పిలిచే ముందు ఎవరింట్లో వారు ఒక పరీక్ష చేసుకోండి. చన్నీళ్లు బాగా వచ్చి వేడినీళ్లే సన్నగా వస్తే అడ్డు గీజరు దారిలో ఉన్నట్టు. కుళాయి బాగుండి షవరు ఒక్కటే నీరసంగా ఉంటే షవరు బిళ్ల విప్పండి. రెండు ధారలూ తగ్గితే టెర్రస్ మీది వాల్వ్ సగం మూసి ఉందేమో, ట్యాంకు ఖాళీ అయినప్పుడు పైపులో గాలి పట్టిందేమో చూడాలి. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరున్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మూడు కిలోవాట్ల రాడ్డు నీళ్లను 20 డిగ్రీలు వేడెక్కించాలంటే నిమిషానికి సుమారు రెండు లీటర్లకు మించి ఇవ్వలేదు. దాని శక్తే అంత, అది చెడిపోయినట్టు కాదు.

ఒక్క హెచ్చరిక. గీజరు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతుంటే ఆ చిల్లును ఎవరూ మూయవద్దు. మన మూడో బ్లాకులో ఒకచోట ఎం-సీల్ పెట్టి ఉండడం నా కళ్లతో చూశాను. లోపల పెరిగిన ఒత్తిడి బయటికి పోవాల్సిన దారి అది. దాన్ని మూస్తే ట్యాంకు పగిలి ప్రాణాల మీదికి రావచ్చు. ఆ ఎం-సీల్‌ను ఈ రాత్రే తీసేయండి.

మీటింగులో నేను పెట్టే తీర్మానం ఇది: ఏటా దసరా అయ్యాక ఒక ప్లంబరు, ఒక ఎలక్ట్రీషియన్ రోజుకో అంతస్తు చొప్పున గీజర్లు, సేఫ్టీ వాల్వులు, కనెక్షన్ పైపులు, షవర్లు శుభ్రం చేయాలి. ఎర్తింగ్ కూడా అప్పుడే చూడాలి. ఆరు నెలలకోసారి సంపు, టెర్రస్ ట్యాంకు కడిగించాలి. బోరు నీళ్లు పరీక్ష చేయించి, కఠినత్వం ఎక్కువని తేలితే అందరికీ కలిపి ఒక సాఫ్ట్‌నర్ పెట్టించాలి. అది కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది కాబట్టి వంటకు, తాగడానికి పైపు వేరుగా ఉండాలి. సాఫ్ట్‌నర్ కడిగిన ఉప్పునీళ్లు మన ఇంకుడు గుంతలోకి పోకూడదు, పోతే అవి మళ్లీ మన బోరులోకే చేరతాయి.

ఆదివారంలోగా మీ వేడినీళ్ల కుళాయి కింద ఒక బకెట్టు పెట్టి, అది నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, బకెట్టు ఎన్ని లీటర్లదో చీటీ మీద రాసి, ఫ్లాటు నంబరు వేసి తీసుకురండి. పిల్లల చేత రాయించినా సరే. అన్ని చీటీలూ బల్ల మీద పరిచి చూశాకే పంపుల మాట మాట్లాడదాం.