ప్రాజెక్టుల జాప్యం: కాగితం ఎవరి బల్ల మీద ఆగింది?

ప్రభుత్వరంగంలో ఒక పెద్ద నిర్మాణం గడువు దాటిపోయినప్పుడల్లా నింద మొదట పడేది కార్మికుని మీద. పనిలో క్రమశిక్షణ లేదంటారు, సంఘాల జోక్యం పెరిగిందంటారు. నెపం యింత చవకగా దొరుకుతున్నప్పుడు అసలు కారణం వెదకే శ్రమ ఎవరు పడతారు? నిర్మాణాలకు సంబంధించిన డ్రాయింగులను, వుత్తరాలను, అనుమతులను కంప్యూటరులో భద్రపరచి, ఒకరి నుండి మరొకరికి నడిపించే డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ నేడు ప్రభుత్వరంగ సంస్థలలో ప్రవేశించింది. రైల్వేలలో 2019 నుండి రైల్‌టెల్ ద్వారా ఈ-ఆఫీస్ నడుస్తున్నది. వీటి పట్ల మన వైఖరి ఎలా వుండాలి? నా అభిప్రాయంలో వీటిని వ్యతిరేకించడం కార్మికవర్గానికి మేలు చేయదు. యాజమాన్యం చేతిలో కొరడా కాకుండా, అందరి ముందు తెరిచి వుంచిన సాక్ష్యపుస్తకం కావాలని పట్టుబట్టడమే మన కర్తవ్యం.

యీ విషయాన్ని భిలాయి చరిత్ర వెలుగులో పరిశీలిద్దాం. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. పొలాలు, పల్లెలు వున్న చోట నాలుగేళ్ళలో కొలిమి వెలిగింది. ఆనాడు కంప్యూటరు లేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చిన తెలుగువారితో సహా దేశం నలుమూలల కార్మికుల చేతులున్నాయి. తమ సంతకానికి తామే జవాబుదారీ వహించిన యింజనీర్లున్నారు.

అదే భిలాయిని 70 లక్షల టన్నుల స్థాయికి విస్తరించే పథకం 2013 నాటికి పూర్తి కావాలని తలపెట్టారు. 8వ నంబరు బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది 2018 ఫిబ్రవరిలో. విస్తరించిన కర్మాగారాన్ని ప్రధానమంత్రి జాతికి అంకితం చేసింది 2018 జూన్ 14న. యీ ఆలస్యం భిలాయి గోడల మధ్య మిగిలిపోలేదు. దశాబ్దాలుగా మన రైళ్ళు నడిచిన పట్టాలు భిలాయివే. కావలసినంత పట్టా సకాలంలో అందడం లేదని 2017లో రైల్వే గ్లోబల్ టెండరు పిలిచింది. 2018లో ఒక ప్రైవేటు సంస్థకు ఆర్డరు వెళ్ళింది. ప్రభుత్వరంగ నిర్మాణం ఆలస్యమైతే ప్రైవేటుకు తలుపు తెరుచుకుంటుందనడానికి వేరే నిదర్శనం అక్కరలేదు. కనుక గడువు సమస్య యాజమాన్యానికి మాత్రమే సంబంధించినదని మనం చేతులు దులుపుకోలేము.

మరి ఆలస్యానికి కారణాలేమిటి? 150 కోట్ల రూపాయలు, అంతకుమించిన వ్యయం గల కేంద్ర ప్రాజెక్టులను గణాంక మంత్రిత్వశాఖ పర్యవేక్షిస్తుంది. దాని నివేదికలలో ఏళ్ళ తరబడి కనిపించే కారణాలివి: భూసేకరణ, అటవీ అనుమతులు, వివరమైన యింజనీరింగ్ ఖరారు కాకపోవడం, పని పరిధిలో మార్పులు, టెండర్లలోను ఆర్డర్లలోను జాప్యం, యంత్రాల సరఫరాలో జాప్యం. వీటిలో అధిక భాగం పార పట్టిన వాని వల్లనో, వెల్డింగ్ చేసే వాని వల్లనో వచ్చినవి కావు. ఏదో ఒక బల్ల మీద కాగితం ఆగినందువల్ల వచ్చినవి.

ఒక పునాది డ్రాయింగు ప్రయాణం చూడండి. డిజైన్ సంస్థ గీస్తుంది. యాజమాన్యం యింజనీర్లు అభ్యంతరాలు వ్రాసి తిప్పి పంపుతారు. సవరించినది మళ్ళీ వస్తుంది. చివరకు నిర్మాణానికి ఆమోదం ముద్ర పడిన తరువాతనే కాంట్రాక్టరు కాంక్రీటు పోయాలి. యీ లోగా యంత్రం కొలతలు మారితే మరో సవరణ వస్తుంది. పాత ప్రతి సైటులో వుండిపోయి, కొత్త ప్రతి ఆఫీసులో ఆగిపోతే, పోసిన కాంక్రీటును మళ్ళీ పగలగొట్టవలసిందే. పోసినవాడూ కూలివాడే, పగలగొట్టేవాడూ కూలివాడే. లెక్కలో మాత్రం అది పనివాళ్ళ జాప్యంగా నమోదవుతుంది.

రైల్వే సోదరులకు దీనిని విడమరచి చెప్పనవసరం లేదు. లైన్ క్లియర్ లేనిదే బండి బ్లాక్ సెక్షన్‌లో ప్రవేశించదు. ఇద్దరు స్టేషన్ మాస్టర్లు యిచ్చిపుచ్చుకున్న ప్రైవేట్ నంబరు రిజిస్టరులో గంట, నిమిషాలతో సహా వుంటుంది. దశాబ్దాల పాటు రిజిస్టరు వుత్తరాన్ని చేతి నుండి చేతికి సంతకంతో అందించిన తపాలా సోదరులకూ యీ క్రమశిక్షణ కొత్త కాదు. వుత్తరం ఎక్కడ ఆగిందో చెప్పగలిగే వ్యవస్థను మన వాళ్ళు కలంతో, కార్బన్ కాగితంతో నడిపారు. కోట్ల రూపాయల డ్రాయింగు ఎక్కడ ఆగిందో చెప్పలేమని పెద్ద అధికారులు అంటే ఎలా ఒప్పుకోగలం?

సక్రమంగా నడిపిన సాఫ్ట్‌వేర్ చేసే పని యిదే. ప్రతి డ్రాయింగుకు ఒక సంఖ్య, ప్రతి సవరణకు ఒక గుర్తు వుంటాయి. ఎవరికి ఎప్పుడు చేరిందో, ఎవరు తెరిచారో, ఎన్ని రోజులు వుంచుకున్నారో అది తనంతట తాను నమోదు చేస్తుంది. రద్దయిన ప్రతిని సైటుకు అందకుండా ఆపుతుంది. ప్రభుత్వ నిర్మాణాలలో హిండ్రెన్స్ రిజిస్టర్ అనే పుస్తకం ఎప్పటి నుండో వున్నది. పనికి కలిగిన ఆటంకాన్ని ఏ రోజుకు ఆ రోజు అందులో వ్రాయాలి. గడువు పొడిగింపు అడిగే నాటికి కూర్చుని వెనుకటి తేదీలతో నింపిన రిజిస్టరు సాక్ష్యం కాదు, కట్టుకథ. కంప్యూటరు వేసిన తేదీని వెనక్కు జరపడం అంత తేలిక కాదు.

అయితే యంత్రానికి లేని మహత్తును దానికి అంటగట్టరాదు. భిలాయి యినుప ఖనిజం కోసం దల్లీ రాజహరా నుండి రావఘాట్‌కు వేయ తలపెట్టిన సుమారు 95 కిలోమీటర్ల రైలుమార్గం ఏళ్ళ తరబడి సాగింది. అడవి, ఆదివాసుల భూమి, భద్రత వంటి ప్రశ్నలకు ఏ సాఫ్ట్‌వేరూ సమాధానం చెప్పలేదు. నిర్ణయం తీసుకోని అధికారి కాగితపు ఫైలును ఆపినట్లే కంప్యూటరు ఫైలునూ ఆపుతాడు. కాకపోతే ఆపినట్లు నలుగురికీ తెలుస్తుంది.

ఇంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి వున్నది. గడువు పేరిట భద్రతా అనుమతిని కంప్యూటరు తెర మీద ఒక మీట నొక్కుడుగా మార్చివేయవచ్చు. 2014 జూన్ 12న భిలాయిలో విషవాయువు ఆరుగురిని బలిగొన్నది. మృతులలో వున్నతాధికారులూ వున్నారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాసు గొట్టం మీద నిర్వహణ పని జరుగుతుండగా మంటలు లేచి పదిమందికి పైగా మరణించారు. గ్యాసు లేదని చెప్పే అనుమతిపత్రం మీద సంతకం చేసేవాడు ఆ చోటికి వెళ్ళి, పరికరంతో పరీక్షించి తీరాలి. కార్యాలయంలో కూర్చుని యిచ్చే ఎలక్ట్రానిక్ ఆమోదం దానికి బదులు కాజాలదు.

కనుక మనం కోరవలసినవి యివి:

1. ఏ డ్రాయింగు, ఏ అనుమతి ఎవరి వద్ద ఎన్ని రోజులుగా వున్నదో గుర్తింపు సంఘానికి, భద్రతా కమిటీకి చూసే హక్కు వుండాలి.

2. ఆలస్యానికి కార్మికుని శిక్షించే ముందు ఆ పనికి సంబంధించిన కాగితాల తేదీలు బయటపెట్టాలి.

3. భద్రతా అనుమతులను గడువు లెక్కల నుండి వేరుచేయాలి.

4. సైటులో పనిచేసే కాంట్రాక్టు కార్మికునికి తాజా డ్రాయింగు, భద్రతా సూచనలు అతనికి అర్థమయ్యే భాషలో అందాలి.

5. కాగితాల పని చేసే గుమాస్తాలకు శిక్షణ యివ్వాలి; సాఫ్ట్‌వేర్ సాకుతో పోస్టులు రద్దు చేయరాదు.

సోదరులారా! కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా అది ఎవరి పక్షాన పనిచేస్తుందన్న ప్రశ్న మన ముందుకు వస్తూనే వున్నది. తాళం చెవి ఎవరి చేతిలో వుంటే యంత్రం వారి మాట వింటుంది. ఆలస్యానికి మనం కారణం కానప్పుడు లెక్కను చూసి భయపడవలసిన పని లేదు. మీ మీ డివిజన్లలో, సర్కిళ్ళలో యిటువంటి విధానం ప్రవేశపెట్టిన రోజునే, దాని నమోదులు మాకూ చూపండని వ్రాతపూర్వకంగా అడగండి. ఆ వుత్తరానికి కూడా తేదీ వేయించండి.