రెండో పుస్తకం

రాజకీయాల్లో తిరిగిన మనిషి ఇంట్లో బీరువా అడుగున ఓ లావుపాటి పుస్తకం ఉంటుంది. నామినేషన్ వేసిన రోజు ఫొటో, ప్రమాణ స్వీకారం, శంకుస్థాపన, సన్మానపత్రం... పేపర్ కటింగులన్నీ భార్యో కూతురో ఓపిగ్గా అంటించినవి. ఉడికించిన మైదా జిగురు, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలతుత్తం. ఏళ్లు గడిచేసరికి కాగితం పసుపెక్కి, మడత దగ్గర పెళుసుబారుతుంది. అయినా ఆ పుస్తకాన్ని చులకన చేయలేం. 1974లో విశాఖలో ‘ఈనాడు’ మొదలయ్యాక తెలుగు పత్రికలు క్రమంగా జిల్లా పేజీలకు విస్తరించాయి. ఆ పేజీల్లో పడిన ఊరి వార్త సాయంత్రానికి బజ్జీల పొట్లమవుతుంది. దాచేది చాలాసార్లు ఇంటివాళ్లే.

కానీ ఇంటి కత్తెరకు మమకారం ఎక్కువ. దండలు పడిన రోజును కత్తిరిస్తుంది, ఓడిన రోజును వదిలేస్తుంది. ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ రోజును తీసేస్తే ఆయన రాజకీయ జీవితం అర్థమే కాదు. ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’లో పంతులుగారు రాయకుండా మిగిలిన కథను నాలుగో భాగంగా పూర్తిచేసింది రక్తబంధువు కాదు, ఆయన మంత్రివర్గంలో పనిచేసిన విశాఖ నేత తెన్నేటి విశ్వనాథం. నాయకుడి కథ ఇంటి గడప దాటాకే నిండుతుంది.

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని రాజయ్యపేటనే చూడండి. బల్క్ డ్రగ్ పార్కు వద్దంటూ 2025లో అక్కడి మత్స్యకారులు ఆందోళనకు దిగారు. ఇలాంటి చోటికి నాయకులు వస్తారు, మాట్లాడతారు, మర్నాడు పేపర్లో ఫొటో పడుతుంది. ఆ కటింగు నాయకుడి ఇంట్లో ఉంటే జ్ఞాపకం. ఊళ్లో ఉంటే, ఇచ్చిన మాటకు సాక్ష్యం. సముద్రపు ఒడ్డున ఉప్పుగాలికి కాగితం నిలవదు గనక, ఆ సాక్ష్యానికి జాగ్రత్త ఇంకాస్త ఎక్కువే కావాలి.

నాయకుల కుటుంబాలకు మా మనవి: ఓడిన రోజునూ అంటించండి. సెల్లోటేపు వాడకండి. ఒక నకలు దగ్గరి గ్రంథాలయానికి ఇవ్వండి. రాజయ్యపేట లాంటి ఊళ్లకు మరో మనవి: రెండో పుస్తకం మీ దగ్గర మొదలవ్వాలి. బడిలో చదివే పిల్ల చాలు, ఒక లాంగ్ నోట్‌బుక్కు చాలు. ప్రతి కటింగు పక్కన పత్రిక పేరు, తేదీ మాత్రం మరవకుండా రాయించండి. తేదీ లేని హామీని ఎవరూ నిలదీయలేరు.