జల్లెడను తిట్టిన లాభమేమి?



గడచిన మిరప కల్లముల దినములలో మన సంఘమునకు కలిగిన నష్టమును మీరెరుగుదురు. పరస్థలపు వర్తకుడొకడు మన సరకు నాణ్యతను, ధరను తెలుపుడని కోరెను. మన కార్యదర్శిగారు మరునాడే ఈ-మెయిలు పంపిరి. వారము దినములైనను జవాబు రాలేదు. వర్తకుడు మాట తప్పెనని మనలో పలువురు నిందించిరి. తుదకు ఫోనులో విచారింపగా, ఆయనయు మన జాబునకే యెదురుచూచి, విసిగి, వేరుచోట సరకు కొనెనని తెలిసినది. మన జాబు ఆయన స్పామ్ పెట్టెలో పడియుండెను. ఇందు అబద్ధమాడినవా రెవ్వరును లేరు. నష్టము మాత్రము మనకు మిగిలినది.

ఇట్టి జల్లెడ యేల పుట్టినదో తెలిసికొనవలయును. 1978వ సంవత్సరము మే నెలలో అమెరికాలోని యొక కంప్యూటరు కంపెనీ ఉద్యోగి, అడుగని వారికి సుమారు 400 మందికి ఒకే ప్రకటనను పంపెను. స్పామునకు అదియే ఆదియని చెప్పుదురు. నేడు లాటరీ తగిలినదనియు, బ్యాంకు ఖాతా మూతపడుననియు వచ్చు దొంగజాబులకు మితి లేదు. జల్లెడ లేనిచో అవి యన్నియు మన రైతుల కండ్లబడును. కావున జల్లెడను తీసివేయుమనుట తెలివి గాదు. మన గింజ తాలు కాదని దానికి తెలియజేయుటయే మన పని.

సారపాక వారికి దీనిని వివరించుట కష్టము గాదు. సొంత చేనిలో పెంచిన టేకు అయినను, పర్మిట్టు లేనిదే చెక్‌పోస్టు దాటదు. అచ్చటి యుద్యోగి రైతు మంచివాడా యని యడుగడు, కాగితము చూచును. మెయిలునకును అట్టి కాగితములు మూడు గలవు. మన పేరిట జాబులు పంపుటకు ఏ యంత్రములకు అధికారము గలదో బహిరంగముగా ప్రకటించు పట్టిక ఎస్‌పీఎఫ్. జాబు మననుండియే వచ్చినదనియు, దారిలో మారలేదనియు రుజువుచేయు ముద్ర డీకిమ్. ఈ రెంటిలో ఏదియు మన పేరుతో సరిపోలని జాబును ఏమి చేయవలయునో పుచ్చుకొనువారికి తెలుపు ఆజ్ఞ డీమార్క్. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిలు, యాహూ సంస్థలు పెద్ద మొత్తమున జాబులు పంపువారికి ఈ మూడింటిని విధించినవి. జీమెయిలు లెక్కలో దినమునకు 5,000 జాబులు పంపువారు పెద్దవారు. చిన్నవారికైనను మొదటి రెంటిలో ఒకటి యుండవలయును.

మన జాబునకు వీనిలో ఏదియు లేకుండెను. పైగా శీర్షికలో "అత్యవసరము" అని మూడుమారులు వ్రాసి, కురుచజేసిన లింకు నొకదానిని తగిలించితిమి. దొంగ వేషము మనమే వేసికొని, కాపలావానిని తిట్టుట న్యాయమా?

చిన్న సంఘమునకు ఇంత శ్రమ యేల యని కొందరందురు. సొంత పేరుతో మెయిలు నడుపు సంఘము ఈ పట్టికలను చేర్చుటకు వేరుగా రుసుము సాధారణముగా నుండదు. తెలిసినవాడు ఒక పూట కూర్చున్న చాలును. ఉచితపు జీమెయిలు చిరునామా గల సంఘము ఆ జీమెయిలు నుండియే జాబు పంపవలయును గాని, అదే చిరునామాను పెట్టి వేరొక యంత్రము ద్వారా పంపరాదు.

కాగితములున్నంత మాత్రమున చాలదు, నడవడియు వలయును. అడుగనివారికి జాబు పంపరాదు. చిరునామాల జాబితాలను కొనరాదు. వద్దన్నవాని పేరు వెంటనే కొట్టివేయవలయును. వేయింటికి మూడు జాబులను జనులు స్పామని ఫిర్యాదు చేసినచో జీమెయిలు వద్ద పంపినవాని పరువు పోవును.

సభ్యులకును విధి గలదు. వారమున కొకమారు స్పామ్ పెట్టెను తెరచి చూడుడు. జీమెయిలులో 30 దినములు దాటిన జాబులు అచ్చట మాసిపోవును. సంఘపు జాబు కనబడిన "స్పాము కాదు" అని గుర్తించి, చిరునామాను భద్రపరచుకొనుడు. ఎరుగనివాని జాబులోని లింకును మాత్రము ముట్టకుడు.

గడువు గల వ్యవహారమున జాబుతోపాటు ఒక ఫోను పిలుపు తప్పనిసరిగా నుండవలయునని నా యభిప్రాయము. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ రెండు తీర్మానములు, అనగా కాగితములు సరిచేయుటయు, ఫోను చేయుటయు, మనము ఆమోదింతుము గాక. ఏడాది కష్టించి పండించిన మిరప, అందని జాబు మూలమున అగ్గువకు పోరాదు.